కింగ్ ఆలివర్ బ్యాండ్ వాళ్లకి నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు చదవడం) వచ్చా, రాదా? అసలు ఎవరు ఎక్కడ నేర్చుకున్నారు?

గరగర రికార్డు:

వారం రోజులుగా కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ 1923లో చేసిన రికార్డింగులు తప్ప ఇంకేమీ వినడం లేదు. మొదట్లో గరగర శబ్దం తప్ప ఏమీ అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే రెండు పాటలకే ఆపేద్దామనుకున్నాను. మూడో రోజుకి చెవి అలవాటు పడింది. అప్పుడు తెలిసింది, లోపల ఏడుగురు ఒకేసారి మాట్లాడుతున్నారని, అయినా ఎవరి మాటా ఎవరికీ అడ్డం రావడం లేదని. ఇద్దరు కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న ఇత్తడి వాయిద్యం) వాళ్లు, జో ఆలివర్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, మధ్యలో బ్యాండ్ మొత్తం ఆగిపోయినప్పుడు రెండు క్షణాల పాటు జంటగా వాయించే ముక్కలు ఉంటాయే, అవి వింటే ఇది ముందే రాసుకున్నదా లేక అప్పటికప్పుడు పుట్టిందా అని నిద్ర పట్టడం లేదు.

నా సందేహం ఇది. వీళ్ల గురించి ఎక్కడ చూసినా ఒకటే మాట, "చదువు లేదు, నొటేషన్ రాదు, అంతా చెవితోనే, పుట్టుకతో వచ్చిన కళ" అని. కానీ పియానో వాయించిన లిల్ హార్డిన్ ఫిస్క్ యూనివర్సిటీలో చదివింది కదా, ఆర్మ్‌స్ట్రాంగ్ ఏదో ఓడ మీద నేర్చుకున్నాడని కూడా అంటారు. మరి ఏది నిజం? ఆ ఏడుగురిలో ఎవరు ఎలాంటి చోటు నుంచి వచ్చారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అది ఆ రికార్డుల్లో వినబడుతుందా? తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు, వినేవాణ్ని మాత్రమే.

---

ఇత్తడి గొంతు:

మంచి ప్రశ్న అండీ. "నొటేషన్ రాదు" అనేది సగం అబద్ధం, సగం అప్పటి వ్యాపారం. జాజ్ అనేది ఎవరూ నేర్పని అడవిపువ్వు అని చెబితే జనం ఎగబడి వచ్చేవాళ్లు, అందుకని చదవడం వచ్చిన వాయిద్యగాళ్లు కూడా కొందరు రాదన్నట్టే నటించేవాళ్లు. ఆ మాటే వందేళ్లుగా పుస్తకాల్లోకి, అక్కడి నుంచి మన చెవుల్లోకి వచ్చింది.

ఆలివర్‌తో మొదలుపెడదాం. ఆయన న్యూ ఆర్లియన్స్ బ్రాస్ బ్యాండుల, అంటే ఇత్తడి వాయిద్యాల బ్యాండుల మనిషి. ఆ ఊళ్లో బ్రాస్ బ్యాండ్ అంటే ఊరేగింపు, అంత్యక్రియలు, సంఘాల వార్షికోత్సవాలు, వేసవి పిక్నిక్కులు, అన్నిటికీ అదే. ఆయన వాయించిన ఆన్‌వర్డ్ బ్రాస్ బ్యాండ్‌కి నాయకుడు మాన్యుయెల్ పెరెజ్, కార్నెట్‌లో కాగితం ముందు పెడితే పెట్టినట్టు వాయించే మనిషి, క్రమశిక్షణకి పెట్టింది పేరు. అలాంటి చోట మార్చింగ్ పాటలు చూసి చదవలేకపోతే నిలదొక్కుకోవడం కష్టం. కాకపోతే ఆలివర్ అందులో చురుకైనవాడు కాదు, చదవడం నెమ్మదిగా వచ్చిందంటారు. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది. కప్పు, గ్లాసు, బకెట్, ఏది దొరికితే అది కార్నెట్ నోటికి అడ్డం పెట్టి దాన్ని ఏడిపించేవాడు, నవ్వించేవాడు, పసిపిల్లాడిలా మారాం చేయించేవాడు. "డిప్పర్‌మౌత్ బ్లూస్"లో ఆయన మూడు కోరస్‌లు (పాట వరస మొత్తం ఒకసారి తిరిగితే ఒక కోరస్) వాయిస్తాడు చూడండి, తర్వాత ఎంతోమంది కార్నెట్ వాళ్లు దాన్ని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుని వాయించారు. అది ఏ కాగితం మీదా లేని విద్య. కానీ ఆ ఊపిరి, రోజంతా ఎండలో నడుస్తూ వాయించినా పెదవి అలిసిపోని ఆ బలం, అది బ్రాస్ బ్యాండ్ చాకిరీ లేకుండా రాదు.

ఇక ఆర్మ్‌స్ట్రాంగ్. ఈయనకి బడి ఒకటి కాదు, నాలుగు. మొదటిది వీధి. చిన్నప్పుడు ముగ్గురు పిల్లలతో కలిసి నలుగురి గుంపుగా వీధుల్లో పాడి చిల్లర సంపాదించేవాడు. జనం దీన్ని సరదా కథగా చెప్పి వదిలేస్తారు గానీ, నా లెక్కలో ఆయన సంగీతానికి పునాది ఇదే, దీని గురించి చివర్లో చెబుతాను. రెండోది, 1912 చివరి రాత్రి, కొత్త సంవత్సరం సంబరాల్లో తుపాకీ గాల్లోకి కాల్చినందుకు పట్టుకుని పిల్లల సంస్కరణ గృహంలో వేశారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఆయన బ్యాండ్ నడిపేవాడు. కుర్రాడి చేతికి మొదట్లోనే కార్నెట్ ఇవ్వలేదు, ముందు టాంబరిన్, తర్వాత ఆల్టో హార్న్, తర్వాత బ్యూగిల్, ఆ తర్వాతే కార్నెట్. అంటే ముందు తాళం, తర్వాత పక్క స్వరం పట్టుకోవడం, తర్వాత పిలుపు ఊదడం, అన్నీ అయ్యాకే అసలు పాట. ఎవరైనా కూర్చుని ఆలోచించి పాఠ్యక్రమం రాసినా ఇంతకంటే బాగా రాయలేరు.

మూడోది ఆలివర్ దగ్గర శుశ్రూష. ఇంటి పనులు చేసిపెట్టి, అన్నం తిని, పాఠం చెప్పించుకున్నాడు. ఆయన్ని జీవితాంతం పాపా జో అనే పిలిచాడు. నాలుగోది మీరన్న ఓడ. మిసిసిపీ నది మీద స్ట్రెక్‌ఫస్ కంపెనీ విహార నౌకల్లో ఫేట్ మారబుల్ అనే పియానో ఆయన బ్యాండ్ నడిపేవాడు. 1921 దాకా ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడే. మారబుల్‌కి చెవితో వాయించడం ఒక్కటే సరిపోదు, కొత్త పాట కాగితం పెడితే చదివి వాయించాలి. ఆ బ్యాండ్‌లో మెలోఫోన్ వాయించే డేవిడ్ జోన్స్ విరామ సమయాల్లో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చదవడం నేర్పాడు. ఆ ఓడల్ని వాయిద్యగాళ్లు కన్సర్వేటరీ, అంటే సంగీత కళాశాల అని పిలుచుకునేవాళ్లు, వేళాకోళంగా కాదు.

కాబట్టి 1922 ఆగస్టులో, అప్పటికి షికాగోలో బ్యాండ్ నడుపుతున్న ఆలివర్ టెలిగ్రాం అందుకుని షికాగోలో రైలు దిగిన కుర్రాడు నొటేషన్ రాని పల్లెటూరి పిల్లాడు కాదు. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు నిండాయంతే.

---

రెండు చేతుల పియానో:

ఇత్తడి గొంతు గారు చెప్పింది బాగుంది. లిల్ హార్డిన్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆవిడని ఎప్పుడూ "ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య" అని ఒక వాక్యంలో తేల్చేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల పెళ్లి 1924 ఫిబ్రవరిలో. మొదటి రికార్డులు 1923 ఏప్రిల్‌వి. ఆవిడ బ్యాండ్‌లోకి ఎవరి భార్యగానూ రాలేదు.

1898లో మెంఫిస్‌లో పుట్టింది. ఆ ఏడుగురిలో న్యూ ఆర్లియన్స్ గాలి తగలకుండా పెరిగింది ఆవిడే. ఇంట్లో శ్లోకాల్లాంటి చర్చి పాటలు, పియానో పాఠాలు. తల్లికి బ్లూస్ అంటే అస్సలు గిట్టేది కాదు, అది చెడ్డవాళ్ల పాట. నాష్‌విల్‌లో ఫిస్క్ యూనివర్సిటీలో కొంతకాలం చదివి, 1918లో కుటుంబంతో షికాగో వచ్చింది. అక్కడ ఒక పాటల కాగితాలు అమ్మే దుకాణంలో పని, జీతం వారానికి 3 డాలర్లు. ఎవరైనా కొనడానికి వచ్చి "ఇది ఎలా ఉంటుంది" అంటే ఆ కాగితం చూసి పియానో మీద వాయించి వినిపించాలి, అదే పని. రికార్డులు ఇంకా అందరి ఇళ్లలోకి రాని కాలం కదా. అంటే ఆవిడ రోజంతా చేసింది చూసి చదివి వాయించడమే. దుకాణంలో ఉన్న పాటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి.

ఒకరోజు న్యూ ఆర్లియన్స్ పియానో వాయిద్యగాడు జెల్లీ రోల్ మోర్టన్ ఆ దుకాణానికి వచ్చి పియానో ముందు కూర్చుని దడదడలాడించి వెళ్లాడు. ఆవిడ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది, ఆ రోజు నుంచి తనూ బరువుగా, గట్టిగా వాయించడం మొదలుపెట్టానని.

తర్వాత న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన ఒక బ్యాండ్ వాళ్లు పియానో మనిషి కావాలంటే వెళ్లింది. "కాగితాలు ఏవి" అని అడిగితే నవ్వారు, కాగితాలు లేవన్నారు. "ఏ శ్రుతిలో" అని అడిగితే అదీ చెప్పలేదు. రెండు సార్లు నేల మీద తట్టడం వినబడగానే మొదలుపెట్టు అన్నారు, అంతే. ఆవిడ తట్టు వినగానే చేతికొచ్చిన స్వరాలన్నీ కలిపి కొట్టి, అవతలివాళ్లు ఎక్కడున్నారో రెండు క్షణాల్లో పట్టుకుని కలిసిపోయింది. ఉద్యోగం ఖాయం. అందుకే నాకు "చదువు" "చెవి" అని రెండు గదులు కట్టడం నచ్చదు. చదువుకున్న పిల్ల చెవి పనిచేయకపోతే ఆ రోజే ఇంటికి పంపేసేవాళ్లు.

రికార్డుల్లో ఆవిడని వినాలంటే కష్టమే. నాలుగు ఇత్తడి, చెక్క గొట్టాల వెనక తీగల పెట్టె పాపం ఏం వినబడుతుంది. "చైమ్స్ బ్లూస్" వినండి, అందులో గంటలు మోగినట్టు పియానో స్వరాలు కొట్టే చోటు ఒకటి ఉంది, అక్కడ మాత్రం ఆవిడ ముందుకొస్తుంది. మిగతా చోట్ల ఆవిడ పని నాలుగు దెబ్బలు సమంగా వేస్తూ, ఎవరు ఎక్కడికి ఎగిరినా తిరిగి వచ్చి వాలడానికి కొమ్మలా ఉండటం. కొందరు దీన్ని మోటుగా ఉంది అంటారు. ఆలివర్ అడిగిందే అది. కుడిచేత్తో సింగారాలు పోతే "బ్యాండ్‌లో క్లారినెట్ ఒకటి ఉందిగా" అనేవాడట.

---

గరగర రికార్డు:

అబ్బ, ఇంత వస్తుందనుకోలేదు. రెండు చేతుల పియానో గారూ, ఇప్పుడే "చైమ్స్ బ్లూస్" మళ్లీ పెట్టాను, ఆ గంటల చోటు దొరికింది, ఇన్నాళ్లు అది ఏదో వేరే వాయిద్యం అనుకున్నాను! దాని తర్వాత వచ్చే కార్నెట్ ఆర్మ్‌స్ట్రాంగేనా? డాడ్స్ అన్నదమ్ముల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ట్రాంబోన్, బేస్ వాళ్ల పేర్లు కూడా సరిగ్గా తెలియదు నాకు.

---

రేకు డబ్బా:

డ్రమ్స్ నా ఏరియా కాబట్టి బేబీ డాడ్స్‌తో మొదలు. అసలు పేరు వారెన్, 1898 డిసెంబర్ 24న న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. నా పేరు చూశారుగా, అది ఆయన్నుంచి తెచ్చుకున్నదే. చిన్నప్పుడు డ్రమ్ కొనివ్వమంటే ఇంట్లో కొనలేదు, కొవ్వు డబ్బాకి మేకుతో కన్నాలు పొడిచి, కుర్చీ కాళ్ల మధ్య ఉండే కర్రలు పీకి పుల్లలుగా చేసుకుని ఇంటి వెనక మోత మోగించాడు. తర్వాత పనిచేసి కూడబెట్టిన డబ్బుతో అసలు డ్రమ్స్ ఒక్కొక్కటే కొనుక్కున్నాడు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే మళ్లీ "పుట్టుకతో వచ్చిన కళ" కథ అయిపోతుంది. కానీ ఆయన డబ్బులిచ్చి పాఠాలు చెప్పించుకున్నాడు. డేవ్ పెర్కిన్స్ దగ్గర మొదలుపెట్టి, వాల్టర్ బ్రండీ దగ్గర డ్రమ్స్ నొటేషన్ చదవడం నేర్చుకున్నాడు. ఊరేగింపుల్లో వాయించాడు. అక్కడి అంత్యక్రియల్లో వెళ్లేటప్పుడు స్నేర్ డ్రమ్ అడుగు తీగలు వదులు చేసి గొంతు నొక్కినట్టు మెల్లగా కొడతారు, ఖననం అయ్యాక తీగలు బిగించి ఒక్కసారి మోగిస్తే వెనక జనం గంతులేస్తూ నడుస్తారు. ఒకే డ్రమ్, రెండు గొంతులు. బేబీ డాడ్స్ ఒక్కో సోలో వెనక ఒక్కో రకం శబ్దం మార్చడం, ఒకరికి చెక్క దిమ్మ, ఇంకొకరికి డ్రమ్ అంచు, ఇంకొకరికి వత్తి కొట్టే రోల్, ఇవన్నీ నా ఉద్దేశంలో ఆ వీధి నుంచి వచ్చినవే. ఆయన కూడా మారబుల్ ఓడ మీదే పనిచేశాడు, ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు. అంటే ఆలివర్ బ్యాండ్‌లో ఇద్దరు "ఓడ చదువు" వాళ్లున్నారు.

పాపం ఆ రికార్డుల్లో మాత్రం ఆయన్ని మనం వినడం లేదు. వాటిలో మొదటివి 1923 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో జెన్నెట్ కంపెనీ స్టూడియోలో చేశారు. స్టార్ పియానో కంపెనీ వాళ్లదే అది. కరెంటు మైకులు లేవు, ఒక పెద్ద గరాటు ముందు నిలబడి వాయిస్తే ఆ గాలి ఊపుకి సూది మైనం మీద గీస్తుంది. పెద్ద డ్రమ్ కొడితే సూది ఎగిరిపోతుంది, అందుకని ఆయన చేత చెక్క దిమ్మలు కొట్టించారు. వందల మంది నాట్యం చేసే హాలుని ఊపేసే డ్రమ్మర్‌ని మనం టకటక మనే చెక్కగా వింటున్నాం! పక్కనే రైలు పట్టాలు కూడా, రైలు వస్తే రికార్డింగ్ ఆపడమే.

అన్న జానీ డాడ్స్ క్లారినెట్. 1892లో పుట్టాడు. లొరెంజో టియో జూనియర్ దగ్గర నేర్చుకున్నాడు. తమాషా ఏంటంటే గురువు 1893లో పుట్టాడు, శిష్యుడికంటే చిన్న!

---

నల్ల గొట్టం:

టియో పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను. టియోలు ఒక కుటుంబం, తండ్రి, బాబాయి, కొడుకు, అందరూ క్లారినెట్. న్యూ ఆర్లియన్స్‌లో కెనాల్ స్ట్రీట్‌కి ఒక పక్క ఫ్రెంచ్ మాట్లాడే క్రియోల్ (ఆఫ్రికన్, యూరోపియన్ మూలాలు కలిసిన) కుటుంబాలు, తరతరాలుగా సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు, ఒపేరా హౌస్ అలవాటు ఉన్నవాళ్లు. ఇంకో పక్క తోటల నుంచి ఊళ్లోకి వలస వచ్చిన నల్లవాళ్లు, చర్చి పాట, పని పాట, బ్లూస్. టియో ఇంటికి వెళితే క్లారినెట్ ముట్టుకునే ముందు నోటితో స్వరాలు పాడించేవాళ్లు, కాగితం చూసి సరిగ్గా పాడగలిగాకే వాయిద్యం. సిడ్నీ బెషే, బార్నీ బిగార్డ్, ఆల్బర్ట్ నికలస్, జిమ్మీ నూన్, తర్వాత పేరుమోసిన ఈ క్లారినెట్ వాళ్లందరూ ఆ ఇంటి గడప తొక్కినవాళ్లే.

మరి ఒకే గురువు దగ్గర నేర్చుకున్న నూన్, డాడ్స్ ఎందుకు ఒకలా ఉండరు? నూన్ గొంతు పట్టులా ఉంటుంది. జానీ డాడ్స్ గొంతులో జీర ఉంటుంది, కింది స్వరాల్లో బొంగురు, స్వరాన్ని తిన్నగా పట్టుకోకుండా కింద నుంచి లాగుతాడు. కొందరు విమర్శకులు దీన్ని శిక్షణ లోపం అని రాశారు, చదివి నవ్వుకున్నాను. వేళ్లు చూడండి, ఎంత వేగంగా, ఎంత సమంగా ఉంటాయో, అది టియో. ఆ లాగుడు ఆయన సొంతం, కావాలని చేసింది. నేర్చుకున్నది మర్చిపోతే వచ్చే జీర కాదు అది. ఆ బ్యాండ్‌లో క్లారినెట్ పని కార్నెట్ల పైన, కింద తీగలా అల్లుకోవడం, రెండు కార్నెట్లు ఉన్నప్పుడు ఆ ఖాళీలు ఇంకా ఇరుకు. ఎక్కడ చోటుందో ముందే తెలియకపోతే దూరలేరు, అంటే స్వరాల మేళవింపు బుర్రలో ఉండాలి.

పేరు గురించి ఒక మాట. "క్రియోల్ జాజ్ బ్యాండ్" అన్నారు గానీ అందులో ఎంతమంది క్రియోల్? ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు, లిల్ మెంఫిస్ పిల్ల. ఆ పేరు మార్కెట్ పేరు, అంతకుముందే బిల్ జాన్సన్ బ్యాండ్ ఒకటి క్రియోల్ పేరుతో దేశమంతా తిరిగి వచ్చింది కాబట్టి షికాగోలో దానికి గిరాకీ ఉంది.

---

ఇత్తడి గొంతు:

బిల్ జాన్సన్ గురించి ఎవరూ చెప్పేలా లేరు, నేనే చెబుతాను. బేస్ ఆయన. 1870లలో పుట్టాడు, అంటే ఆర్మ్‌స్ట్రాంగ్‌కి తండ్రి వయసు. మొదట మాండొలిన్, గిటార్, తర్వాత పెద్ద తీగల బేస్. ఈయన వచ్చిన దారి మిగతా ఎవరిదీ కాదు. న్యూ ఆర్లియన్స్ వదిలి కాలిఫోర్నియా వెళ్లి, ఒక బ్యాండ్ కూడగట్టి, 1914 నుంచి 1918 దాకా వాడెవిల్ (పాట, హాస్యం, ఆట కలగలిపిన ప్రదర్శనలు) నాటకశాలల్లో దేశం చుట్టాడు. కార్నెట్ ఫ్రెడీ కెపార్డ్. జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917లో వచ్చింది, దానికి మూడేళ్ల ముందే ఈయన బ్యాండ్ ఆ సంగీతాన్ని ఊరూరా వినిపించింది. వాడెవిల్ అంటే తెర లేచిన క్షణం నుంచి దిగేదాకా నిమిషాల లెక్క, పది నిమిషాల్లో నవ్వించి, ఆశ్చర్యపరిచి దిగిపోవాలి. నాట్యశాలలో రాత్రంతా వాయించేవాళ్లకి ఆ విద్య అక్కర్లేదు. "డిప్పర్‌మౌత్ బ్లూస్"లో బేబీ డాడ్స్ తన వంతు మర్చిపోయి ఆగితే, మైనం వృథా పోకుండా ఒక గొంతు "వాయించు వాయించు" అన్నట్టు అరిచి ఆ ఖాళీ పూడ్చింది, ఆ అరుపు జాన్సన్‌ది. ఇప్పుడు ఆ పాట ఎవరు వాయించినా ఆ అరుపు అరవాల్సిందే. స్టేజీ మనిషి కాబట్టే తడుముకోలేదని నా నమ్మకం. ఆ రోజు ఆయన వాయించింది బేస్ కూడా కాదు, గరాటుకి బేస్ అందదని బాంజో పట్టుకున్నాడు. అందరికంటే పెద్దవాడు, అందరికంటే ఎక్కువ కాలం బతికాడు, 1972లో పోయాడు.

ట్రాంబోన్ ఆనొరే డుట్రే. అన్నదమ్ములు కూడా వాయిద్యగాళ్లే, ఒకరు క్లారినెట్, ఒకరు వయొలిన్, అంటే ఇంట్లోనే చిన్న ఆర్కెస్ట్రా. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేస్తూ మందుగుండు గదిలో ప్రమాదం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. వాయించే మధ్యలో స్టేజీ పక్కకి వెళ్లి ముక్కులో మందు కొట్టుకుని వచ్చి మళ్లీ వాయించేవాడట. ఆయన అలవాటు ఒకటి నాకు చాలా ఇష్టం, ఆర్కెస్ట్రా కాగితాల్లో చెల్లో (వయొలిన్ జాతి పెద్ద తీగల వాయిద్యం) వాయించాల్సిన వరస ఉంటుంది కదా, దాన్ని తీసుకుని ట్రాంబోన్ మీద వాయించేవాడు. అందుకే ఆయన జారుడు స్వరాల గోల తక్కువ, పొడుగ్గా, సాఫీగా కింద నదిలా పోతుంటాడు. అది వినబడాలంటే కార్నెట్ల మీద నుంచి చెవి తీసి కింద పెట్టాలి.

ఇక నేను బాకీ ఉన్నది, ఆ జంట కార్నెట్ ముక్కలు. షికాగోలో ఈ బ్యాండ్ వాయించిన నాట్యశాల లింకన్ గార్డెన్స్‌లో వినడానికి వచ్చిన వాయిద్యగాళ్లు కూడా మీలాగే జుట్టు పీక్కున్నారు. జరిగింది ఏంటంటే, ఆలివర్ కొంచెం ముందుగానే రాబోయే ముక్క ఏంటో సంకేతం ఇచ్చేవాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని పట్టుకుని దానికి రెండో గొంతు అల్లేవాడు. ఇది ఓడలో నేర్పలేదు, సంస్కరణ గృహంలోనూ నేర్పలేదు. పక్కవాడు పాడుతుండగానే అతని స్వరానికి మూడు మెట్లు కింద ఏది నప్పుతుందో పట్టుకోవడం, అది వీధిలో నలుగురు కలిసి పాడేటప్పుడు వచ్చిన విద్య. అందుకే ఆ వీధి పాటలే పునాది అన్నాను.

---

ఊరికే వినేవాణ్ని:

అందరూ బాగా రాశారు కానీ ఒక మాట, ఇంత శిక్షణ శిక్షణ అంటుంటే ఆశువు ఎక్కడుంది? చదువుకున్నవాళ్లందరూ ఇలా వాయించలేదుగా. అదే ఊళ్లో టియో దగ్గర నేర్చుకుని పేరు లేకుండా పోయినవాళ్లు బోలెడుమంది ఉంటారు. నాకు తెలిసి జాజ్‌లో కాగితం వచ్చాకే ప్రాణం పోయింది.

---

రెండు చేతుల పియానో:

ఊరికే వినేవాణ్ని గారూ, సరే, ఒక చిన్న పరీక్ష. "చైమ్స్ బ్లూస్"లో ఆర్మ్‌స్ట్రాంగ్ మొట్టమొదటి రికార్డు సోలో ఉంది, రెండు కోరస్‌లు. మొదటిది విని, ఆపి, రెండోది వినండి. దాదాపు ఒకటే. అంటే ప్రపంచంలోనే పెద్ద ఆశువు వాయిద్యగాడి మొదటి సోలో ముందే సిద్ధం చేసుకుని వచ్చింది. రెండో సంగతి, 1924 జనవరిలో ఆయన "కార్నెట్ చాప్ సూయీ" అనే తన పాటని సొంత చేత్తో నొటేషన్ రాసి కాపీరైట్‌కి పంపాడు, ఆ కాగితం ఇప్పటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. అది రికార్డు చేసింది 1926లో. రెండేళ్ల తర్వాత వాయించింది ఆ కాగితానికి చాలా దగ్గరగా ఉంటుంది. మీరు విని "ఆహా, అప్పటికప్పుడు ఎంత పుట్టించాడు" అనుకునే చోట్లు కొన్ని రెండేళ్ల ముందే సిరాలో ఉన్నాయి. దాని వల్ల ప్రాణం ఏమైనా తగ్గిందా?

---

ఊరికే వినేవాణ్ని:

ఆ కాగితం సంగతి తెలియదు. సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆలివర్ గ్లాసు అడ్డం పెట్టి చేసే ఆ ఏడుపు మాత్రం ఎవరూ రాయలేరు, అది మాత్రం వదలను.

---

ఇత్తడి గొంతు:

అందులో గొడవే లేదు, మీతోనే ఉన్నాను. రాయాలని చూసినవాళ్లు కాగితం మీద "వా వా" అని రాసుకున్నారు, అంతకంటే ఏం చేయగలరు.

---

గరగర రికార్డు:

రాత్రి మీరందరూ రాసింది పక్కన పెట్టుకుని ఇయర్‌ఫోన్స్‌తో మళ్లీ విన్నాను. ఈసారి ఒక్కో పాట ఏడుసార్లు, ఒక్కోసారి ఒక్కరినే పట్టుకుని. డుట్రే దొరికాడు! "స్నేక్ రాగ్"లో కార్నెట్లు జంటగా పాములా దిగుతాయి కదా, నేను ఎప్పుడూ అక్కడే ఉండిపోయేవాణ్ని, కిందికి దిగి వింటే ట్రాంబోన్ ఎంత పెద్దమనిషిలా నడుస్తోందో. బేబీ డాడ్స్ చెక్క దిమ్మలు కూడా ఇప్పుడు గడియారంలా కాకుండా మాటల్లా వినబడుతున్నాయి. జాన్సన్ బాంజో మాత్రం ఇంకా లిల్ పియానోతో కలిసిపోయి ఒకటే వాయిద్యంలా ఉంది, ఎక్కడ విడదీయాలో తెలియడం లేదు, ఎవరికైనా ఒక చోటు తెలిస్తే చెప్పండి, నిమిషం సెకన్లతో సహా.